శేషప్ప టీవీలో గీతలు

అప్పటికి రెండువేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్లయింది. ప్రొద్దుటూరు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను ఎలక్ట్రోమాగ్నెటిక్ కంపాటిబిలిటీ చెప్పేవాణ్ణి. పేరు పెద్దదే గానీ విషయం తేలికే. ఒక యంత్రం తన పని చేసుకుంటూ పక్క యంత్రాన్ని చెడగొట్టకూడదు, పక్కదాని వల్ల తాను చెడకూడదు. పుస్తకం చూసి చెబితే పిల్లలు ఆవలించేవాళ్లు. ఖరీదైన పరికరాలు మా ల్యాబ్‌లో లేవు. అందుకని పాత మిక్సీ, ట్రాన్సిస్టర్ రేడియో బల్ల మీద పెట్టి, మిక్సీ వేసినప్పుడల్లా రేడియో గరగరమనడం వినిపించేవాణ్ణి. ఆ గరగర ఎక్కడ పుట్టింది, ఏ దారిన వచ్చింది, ఎవరిని బాధించింది? సోర్స్, పాత్, విక్టిమ్. ఆ మూడూ పిల్లలే కనిపెట్టాలి.

ఒకరోజు ల్యాబ్ అయ్యాక గ్రేస్ అనే విద్యార్థిని ఆగింది. వాళ్ల నాన్న పెద్దముడియం వైపు ఒక పల్లెలో బడిపంతులు.

"సార్, మా ఊర్లో ఇట్లే అయితాండాది. బాషా మామ పిండిమిల్లు ఏస్తే శేషప్ప మామ టీవీ కనపడదు. ఇద్దరివీ రెండు పార్టీలు. టీవీలో తమ పార్టీ మీటింగు వచ్చేటప్పుడే కావాలని మిల్లు ఏస్తాండాడని శేషప్ప మామ కోపం. ఆదివారం లోపల మిల్లు ఆపకపోతే పగలగొడతామని ఆయన మనుషులు చెప్పినారంట."

ఆ రోజుల్లో మా వైపు గొడవ మిల్లు దగ్గర ఆగదని అందరికీ తెలుసు. ఇవాళ తలుపు పగిలితే రేపు తల పగిలేది. ఆ తర్వాత సగం ఇళ్లకు తాళాలు పడేవి. నాకు భయమేసింది. "మనకెందుకమ్మా" అన్నాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

"సోర్స్ చూడకుండా ఎవరి మీదా తప్పు వేయొద్దని మీరే కదా సార్ చెప్పింది?" అంది.

శనివారం పొద్దున్నే ట్రాన్సిస్టర్ తీసుకుని జమ్మలమడుగు మీదుగా బస్సులో వెళ్లాం. వాళ్ల నాన్న మమ్మల్ని శేషప్ప ఇంటికి తీసుకెళ్లాడు. వసారాలో పదిమంది కూర్చుని ఉన్నారు.

"చూసుకోండప్పా. మిల్లుదే తప్పని తేలితే ఆ మాట అందరి ముందర చెప్పాల" అన్నాడు శేషప్ప.

"ఏది తేలితే అదే చెబుతాం మామా" అంది గ్రేస్, నేను నోరు తెరిచేలోపే.

కబురు పంపితే బాషా మిల్లు వేశాడు. టీవీ నిండా తెల్లటి గీతలు, రేడియోలో గరగర. గ్రేస్ రేడియో పట్టుకుని మిల్లు వైపు నడిచింది. నడిచేకొద్దీ గరగర తగ్గింది. మిల్లు గుమ్మంలో వినీ వినపడనట్టుంది. వెనక్కి తిరిగితే మళ్లీ పెరిగింది. శేషప్ప ఇంట్లో ఫ్రిజ్ పక్కన ఉన్న స్టెబిలైజర్ దగ్గరికి వచ్చేసరికి రేడియో చెవులు చిల్లులు పడేలా అరిచింది. ఆ డబ్బాలో ఏదో టకటకా కొట్టుకుంటోంది.

గ్రేస్ స్టెబిలైజర్ స్విచ్ ఆపింది. గీతలు పోయాయి. మిల్లు మాత్రం తిరుగుతూనే ఉంది.

"మిల్లు ఏస్తే ఊర్లో కరెంటు కొంచెం తగ్గుతుంది మామా. దాన్ని పెంచాలని మీ స్టెబిలైజర్ కొట్టుకుంటాండాది. లోపల కాంటాక్టులు కాలిపోయినట్టుండాయి. అవి కొట్టుకున్నప్పుడల్లా లేసే నిప్పురవ్వలే టీవీని చెడగొడతాండాయి. ఈ సంగతి బాషా మామకు తెల్దు."

శేషప్ప లేచి తనే స్విచ్ వేశాడు. గీతలు. ఆపాడు. పోయాయి. మళ్లీ వేసి, మళ్లీ ఆపాడు. అప్పుడు నుదురు రుద్దుకుంటూ, "నా ఇంట్లో పెట్టుకోని వాని మీదికి పోతాంటినే!" అన్నాడు. తన మనుషుల వైపు తిరిగి, "ఈడ ఏం లేదు. పోయి ఎవరి పని వాళ్లు చూసుకోండప్పా" అన్నాడు.

ఆయనా బాషా దోస్తులేమీ కాలేదు. ఎవరి జెండా వాళ్లకే ఉంది. కానీ ఆదివారం ఊరు ప్రశాంతంగా ఉంది. నెల తిరక్కముందే శేషప్ప ఇంటి జొన్నలు ఆ మిల్లుకే పోయాయని గ్రేస్ చెప్పింది.

తర్వాత మా ల్యాబ్‌కు మంచి పరికరాలు వచ్చాయి, ఎన్నో బ్యాచ్‌లు వెళ్లాయి. వచ్చిన ఫలితాన్ని వినడానికి ఇష్టంలేనివాళ్ల ఎదుట మర్యాదగా, ఉన్నదున్నట్టు చెప్పడం కూడా ప్రయోగంలో భాగమేనని నాకు ఆ రోజే తెలిసింది. చెప్పిన గ్రేస్‌కు నేనెప్పుడూ కృతజ్ఞుణ్ణే. పదిమంది ముందు దాన్ని ఒప్పుకున్న శేషప్పకు అంతకన్నా ఎక్కువ.