గోరింటాకు వేళ్లతో కార్డుకు వెళ్లిన వైనం

ఆ కార్డు నేను నోరు పెట్టి సాధించానని మా వాళ్లంతా ఇప్పటికీ చెప్పుకుంటారు. నోరు పెట్టిన మాట నిజమే, సాధించింది మాత్రం నేను కాదు. ఆ రోజుల్లో మన పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉండేది, మనం షార్జాకు దగ్గర్లోని సత్వాలో నలుగురితో పంచుకున్న ఫ్లాట్లో ఉండేవాళ్లం. పర్సులో పట్టే ప్లాస్టిక్ ఐడీ కార్డు అందరూ తీసుకోవాలని అప్పుడప్పుడే అంటున్నారు. నేను బద్ధకించాను (ఉద్యోగం కొత్త, పొగరు పాతది). అంతలో ఒమన్ వైపు దిబ్బా రేవులో పనిచేస్తున్న మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, ఈ శుక్రవారం దాటితే నన్ను ఆ చివరెక్కడో ఉన్న సలాలా తోలేస్తారు. అటు రావడానికి నాకు వీసా లేదు, నువ్వే రావాలి." వాణ్ణి చూసి ఏళ్లయింది. దిబ్బాకు తీసుకెళ్లే పడవ షికారు వాళ్లను అడిగితే, పాస్‌పోర్టు లేకపోయినా ఆ కార్డు ఉంటే సరిహద్దు దాటించి పడవెక్కిస్తామన్నారు.

కార్డుకు వేలిముద్రలు కావాలని నాకు తెలుసు. అది ఆషాఢమని మా ఫ్లాట్లో ఉండే గుంటూరు వదినకు తెలుసు. షార్జాలో ఎవరి బాల్కనీ కుండీలోంచో కోసుకొచ్చిన ఆకు రుబ్బి, నా పది వేళ్లకూ టోపీలు పెట్టింది. ఎర్రగా, నల్లగా పండిన వేళ్లు చూసుకుని ఇద్దరం మురిశాం. ఈ రెండు సంగతులనూ కలిపి ఆలోచించే బుర్ర ఇద్దరిలో ఒక్కరికీ లేకపోయింది (నాది డిగ్రీ, ఆవిడది ఎంకామ్).

మర్నాడు కౌంటర్లో అబాయా వేసుకున్న స్థానిక అమ్మాయి నా వేలు అద్దం మీద పెట్టించింది. మిషన్ ఒప్పుకోలేదు. ఇంకో వేలు, అదీ అంతే. "రంగ్ జానేకే బాద్ ఆవో," అంది, రంగు పోయాక రమ్మని. నేను అందుకున్నాను. మిషన్‌దే తప్పనీ, మా దేశంలో పెళ్లికూతుళ్లు కూడా ఇవే చేతులతో ముద్రలు వేస్తారనీ వచ్చిన హిందీ అంతా వాడేశాను. ఆమె చివరిదాకా విని, "శుక్రవార్‌కో క్యా హై?" అనడిగింది. దండకం మధ్యలో శుక్రవారమన్న మాట ఎన్నిసార్లు అన్నానో. "భాయ్," అన్నాను.

ఆమె కుర్చీ వదిలి ఇవతలికి నడిచొచ్చింది. "మేరా నానీ భీ ఐసా కర్తా. యల్లా, హాత్ దో." వాళ్ల అమ్మమ్మ వేళ్లూ ఇంతేనట. నా చేతులు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టించి, తన బ్యాగులోని క్రీమ్ రాసి, తుడిచి, అక్షరాలు దిద్దించినట్టు ఒక్కో వేలినీ తన వేలితో నొక్కిపెట్టింది. మొండి మిషన్ ఒక్కొక్కటే ఒప్పుకుంది. తర్వాతి ఏళ్లలో ఎన్ని కౌంటర్ల ముందు నిలబడ్డానో. అలా ఇవతలికి వచ్చిన మనిషిని మళ్లీ చూడలేదు. ముద్రలయ్యాక ఆ అమ్మాయి ఎవరికో ఫోన్ చేసి, నన్ను చూస్తూ అరబ్బీలో పొడుగాటి మాటేదో చెప్పి నవ్వింది. అందులో నాకు తెలిసింది ఖలాస్ ఒక్కటే. కార్డు గురువారానికల్లా చేతికొచ్చింది.

శుక్రవారం దిబ్బా రేవు గట్టు మీద తమ్ముడు చిక్కి, నల్లబడి నిలబడి ఉన్నాడు. నా చేతులు పట్టుకుని, "అచ్చం అమ్మ చేతులే," అని చాలాసేపు వదల్లేదు. వాడికి అరబ్బీ వచ్చు కదా అని, కౌంటర్ అమ్మాయి ఫోన్లో అన్న మాట గుర్తున్నంతవరకు అప్పజెప్పాను. కళ్లు తుడుచుకునేదాకా నవ్వాడు.

"ఏమందిరా?"

"నిజమే చెప్పింది లే అక్కా."

ఇప్పుడు నాకు నలభై దాటాయి, నోరు కాస్త తగ్గిందని కూడా అంటున్నారు. వాడు మాత్రం ఇప్పటికీ చెప్పడు. ఇంతకీ ఆ పిల్ల నన్ను ఏమంది?