మా అత్త నూతి చెట్టు

మొన్న సాయంత్రం మా అపార్టుమెంటు కింద నడుస్తూంటే, ప్రహరీ వారన ఎవరూ నాటకుండానే మొలిచిన చంద్రకాంత మొక్క ముందు పక్కింటివారి మనవరాలు చతికిలబడి, ఫోను దాని పువ్వుకి ఆనించినంత దగ్గరగా పెట్టి కూర్చుంది. అర నిమిషంలో ఫోను మిరాబిలిస్ జలాపా అని చెప్పేసింది. ముప్ఫయ్యేళ్ళు పిల్లలకి వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన దాన్ని, నాకు ఆ పేరు కొత్తేమీ కాదు. దాని కింద ఆ మొక్కకి లోకంలో ఉన్న వాడుక పేర్లన్నీ వరసగా వచ్చాయి. ఆ పిల్ల చదువుతూంటే నేను ఒక్క పేరు కోసం చెవొగ్గి నిలబడ్డాను. అది రాలేదు. రాదని తెలిసీ అంతసేపు ఎందుకు నిలబడ్డానా అని తరవాత నాకే నవ్వొచ్చింది.

పందొమ్మిదివందల అరవైల్లో నేను అనకాపల్లిలో మా మేనత్త ఇంట్లో ఉండి బియెస్సీ చదివాను. మాది రావికమతం వైపు పల్లెటూరు, అక్కణ్ణించి రోజూ కాలేజీకి వచ్చి వెళ్ళడం అయ్యే పని కాదని నాన్న నన్ను అత్తకి అప్పజెప్పాడు. మామయ్యకి బెల్లం మార్కెట్లో పని, పొద్దున వెళితే దీపాలు పెట్టాక గాని ఇల్లు చేరేవాడు కాదు. వాళ్ళకి పిల్లల్లేరు. ఆ వీధికి అప్పటికింకా కరెంటు రాలేదు. ఇల్లు రెండు గదులే గాని పెరడు మాత్రం పెద్దది, నా తరంవాళ్ళకి చెప్పక్కర్లేదు, అప్పట్లో ఇంటికంటే పెరట్లోనే మనుషులు ఎక్కువసేపు బతికేవారు.

ఆ పెరట్లో విచిత్రమేమిటంటే పగలు చూస్తే అక్కడ పూలున్నాయనే అనిపించదు. వంటింటి గుమ్మం పక్కన జాజి తీగ, గేదె పాక దగ్గర రేరాణి, నూతి గట్టుకి ఇవతల మూడు చంద్రకాంత దుబ్బులు, పాక కప్పు మీద బీరపాదు, అన్నీ పొద్దువాటారితే గాని కళ్ళు తెరవనివే. ఇంట్లో గడియారం ఉండేది, కాని అత్త దాని వైపు చూడగా నేనెరగను. బీరపాదు మీద మొదటి పచ్చపువ్వు విచ్చిందంటే ఆవిడ చేతిలో ఏ పనున్నా వదిలేసి లాంతరు చిమ్నీ ముగ్గుతో తుడవడం మొదలుపెట్టేది. ఆ వేళకి నీళ్ళు తోడడం, కట్టెలు లోపల పెట్టడం అన్నీ ముగించాలని ఆవిడకి ఒకటే ఆరాటం. ఎప్పుడైనా ఒక బిందె మిగిలిపోతే మాత్రం, చీకట్లో కూడా ఎక్కడా తడబడకుండా రాణీగారిలా నడిచి వెళ్ళి తోడుకొచ్చేది. ఆ నడక చూసి నేను అబ్బురపడేదాన్ని.

అత్తకి ఆ మొక్కల పేర్లు తెలియవనుకునేదాన్ని. జాజిని గుమ్మం చెట్టు అనేది, రేరాణిని పాక చెట్టు, చంద్రకాంతని నూతి చెట్టు. నేనా, కొత్తగా నాలుగక్షరాలు నేర్చిన మిడిసిపాటులో ఉన్నదాన్ని, ఆవిడ వెంటబడి జాస్మినమ్ గ్రాండిఫ్లోరమ్, సెస్ట్రమ్ నాక్టర్నమ్, లఫ్ఫా అక్యుటాంగులా అని వల్లెవేసేదాన్ని. అత్త విసుక్కోకుండా అంతా వినేది.

"ఓలమ్మో, ఆటికన్ని పేర్లెందుకే గుంటా? పిలిత్తే పలుకుతాయేటి?" అనేది చివరికి.

ఆఖరి ఏడాది ప్రాక్టికల్ పరీక్షకి ఎండబెట్టిన మొక్కల హెర్బేరియం ఇవ్వాలన్నారు. నేను సాయంత్రం పూసే మొక్కలు ఎంచుకున్నాను, పెరట్లోనే ఉన్నాయి కదా, ఊరంతా తిరగక్కర్లేదని. మొక్కలు వాడకుండా తెచ్చుకోవడానికి ఒక రేకు పెట్టె కావాలంటే, మా వీధి చివర డబ్బాలు చేసే సాయిబు తాత నూనె డబ్బా కోసి భుజాన తగిలించుకునే పెట్టె చేసి ఇచ్చాడు. గడ్డి కోసుకోడానికి రేకు పెట్టేటమ్మా అని ఏడాదంతా నన్ను ఏడిపించాడు కూడా. కాగితాల మధ్య మొక్కల్ని అణచడానికి బరువు లేకపోతే, ఇంట్లో ఉన్నవి కదా అని మామయ్య తెచ్చిన రెండు బెల్లం దిమ్మలు ఎక్కించాను. మూడోనాటికి చీమలు వచ్చి బెల్లంతోపాటు నా జాజి రెక్కలన్నీ జల్లెడ చేసి పోయాయి. అనకాపల్లి పిల్ల తప్ప ఇంకెవరూ చెయ్యని పని అని మా మేష్టారు క్లాసులో అందరి ముందూ అన్నారు.

చంద్రకాంత సంగతి ఇంకో రకం. మొదటిసారి పొద్దున్నే కాలేజీకి వెళుతూ కోశాను, పూలన్నీ ముడుచుకుపోయి ఉన్నాయి. ఆ మొక్క అతికించిన షీటు మేష్టారు తిప్పికొట్టారు. విచ్చిన పువ్వుతో, వేరుతో సహా మొక్క మొత్తం కావాలన్నారు. వాడుక పేరు అన్న చోట నేను నూతి చెట్టు అని రాస్తే, ఇలాంటి పేరు లేదని ఎర్ర సిరాతో కొట్టేశారు. ఆ సాయంత్రమే అత్త వంటింట్లో పొయ్యి రాజేస్తూంటే నేను గునపం పట్టుకుని నూతి దగ్గరికి వెళ్ళాను. దాని వేరు ముల్లంగిలా లావుగా, లోతుగా దిగి ఉంటుందని పుస్తకంలో చదివాను గాని తవ్వితే గాని తెలియలేదు. మొదటి దుంప విరిగింది. రెండోది కాగితాల మధ్య అణగనంత లావు. ఉన్న మూడిట్లో ఆఖరిది సన్నగా, చక్కగా వచ్చింది. గర్వంగా గదిలోకి వెళ్ళి దాన్ని నిలువునా చీల్చి కాగితాల్లో సర్దుతూ కూర్చున్నాను.

చీకటి పడుతోంది. పెరట్లో బిందె రాతికి కొట్టుకున్న మోత, వెంటనే నీళ్ళలో పడ్డ చప్పుడు. పరిగెత్తాను. మోకాలెత్తైనా లేని నూతి గట్టు మీద అత్త బోర్లా పడి, ఒక చేత్తో గిలక స్తంభం పట్టుకుని, రెండో చేత్తో నేను తవ్విన మట్టిని తడుముతోంది. నేను రెండు చేతులా పట్టుకుని వెనక్కి లాగాను. ఇద్దరం బురదలో కూలబడ్డాం.

"నూతి చెట్టేదే గుంటా? ఎవులు పీకేసేరే?" అంది. తరవాత నా చెయ్యి వదలకుండా, ఎవరైనా వింటారేమోనన్నంత చిన్నగా చెప్పింది. "సీకటడితే నాకేటీ ఆనదే అమ్మీ. ఆ వాసన ముక్కుకి తగిల్తే ఆగిపోతాను. ఇయ్యాల తగల్లేదు. మీ మావకి సెప్పకే."

అత్తకి చిన్నప్పటినుంచీ రేచీకటి. పెళ్ళయిన కొత్తలో, తెలిస్తే పుట్టింటికి పంపేస్తారన్న భయంతో చెప్పలేదు. తరవాత ఇన్నాళ్ళూ ఎందుకు దాచావంటారేమోనని, ఆ మాట ఎలా ఎత్తాలో తెలియక చెప్పలేదు. చెప్పకుండా బతకడానికి ఆ పెరడు వేసుకుంది. జాజి వాసన వస్తే గుమ్మం, రేరాణి ఘాటు ముక్కు పగలగొడితే పాక, చంద్రకాంత తగిలితే అక్కడితో ఆగాలి. నేను పేర్లు తెలియవనుకున్న మనిషి ఆ మొక్కలకి పెట్టినవి చిరునామాలు. నేను రెండేళ్ళుగా ఆవిడకి పాఠాలు చెబుతున్నాను! ఆ రాత్రి అన్నం సహించలేదు నాకు, సిగ్గుతో.

తెల్లారగానే సాయిబు తాత దుకాణానికి పరిగెత్తాను. ఆయన గుమ్మం ముందు ఆ మొక్కే పొదలా ఉండేది, వాళ్ళు దాన్ని గులాబాస్ అంటారు. ఎందుకని అడక్కుండానే మూడు దుంపలు మట్టితో సహా నా రేకు పెట్టెలో పెట్టాడు. నాటాను గాని అవి మర్నాటికే వాడి తలలు వేలాడేశాయి. అవి నిలదొక్కుకునేదాకా, చదివి చదివి నడుం పట్టేస్తోందని మామయ్యకి వంక చెప్పి, రోజూ దీపాల వేళ నూతి దగ్గర నీళ్ళు నేనే తోడాను. గట్టు మీద కూర్చుని, బిందె అందుకోడానికి అత్త వచ్చే అడుగులు లెక్కపెట్టేదాన్ని. గాలి ఎదురు తిరిగి జాజి వాసన వెనక్కి కొట్టుకుపోయిన రోజున ఆ అడుగులు ఎంత నెమ్మదించేవో అప్పుడు కనిపించింది. రెండు వారాలు దాటాక ఒక సాయంత్రం అత్త గుమ్మం దిగి పది అడుగులు వేసి, తల కాస్త ఎత్తి, టక్కున ఆగింది.

"వచ్చీసిందే," అంది, బస్సు దిగిన చుట్టాన్ని చూసినట్టు.

పరీక్ష రోజున బయటినుంచి వచ్చిన పెద్దాయన నా షీటు మెచ్చుకుని, వాడుక పేరేమిటన్నారు. చంద్రకాంత అన్నాను. ఇంకేమీ లేవా అన్నారు. మా ఇంట్లో నూతి చెట్టంటామండీ అన్నాను. పక్కనే ఉన్న మా మేష్టారి మొహం మాడిపోయింది. ఎందుకలా అంటారని పెద్దాయన అడిగారు. నాకు కారణం తెలుసు, చెప్పనని మాటిచ్చాను. తల వంచుకుని నిలబడ్డాను. ఆయన షీటు పక్కన పెట్టేసి తరవాతి పిల్లని పిలిచారు. గట్టెక్కాను, మొదటి క్లాసు మాత్రం తప్పిపోయింది. దానికి నేను ఒక్కనాడూ విచారించలేదు.

తరవాత రెండేళ్ళకి ఆ వీధికి కరెంటు వచ్చింది. అందరూ ముందు నట్టింట్లో దీపం పెట్టించుకుంటే, మామయ్య మాత్రం మొదటి బల్బు నూతి స్తంభానికి పెట్టించాడు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. చూడ్డానికి వెళ్ళిన నావంక అత్త చూసింది, నేను చెప్పలేదని తల అడ్డంగా ఊపాను. ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ వెలుగులో ఇక వాసన పట్టుకుని ఆగే పని లేకపోయినా, బతికున్నన్నాళ్ళూ ఆ మూడు దుబ్బులకీ రోజూ నీళ్ళు పోసింది.

ఇప్పుడు ఆ నుయ్యి మీద సిమెంటు పలక వేసేశారు. మా అపార్టుమెంటులో మనిషి అడుగు వేస్తే చాలు దీపాలు వాటంతటవే వెలుగుతాయి. మంచిదే, అత్తకి ఆనాడే ఈ దీపాలుంటే అంత భయపడుతూ బతికేది కాదు. అయినా సాయంత్రం పూసే మొక్కని చూసి ఇది ఏ చోటికి గుర్తు అని అడిగేవాళ్ళు లేరు, ఇదేమిటి అని అడిగేవాళ్ళే అందరూ. మొన్న ఆ పిల్ల ఫోను మూసి లేస్తూంటే, ఇంకో పేరుందమ్మా అని అత్త పెట్టిన పేరు చెప్పాను. ఎందుకలా అంటారు బామ్మా అని అడిగింది. ఈసారి చెప్పడానికి అడ్డేమీ లేదు, దాచమన్న మనిషి లేదు. మొత్తం చెప్పాను. ఆ పిల్ల అంతా విని, కళ్ళు గట్టిగా మూసుకుని, రెండు చేతులూ ముందుకి చాచి, ముక్కుతో వెతుక్కుంటూ ఆ మొక్క వైపు నాలుగడుగులు వేసి ఆగింది.