అత్తయ్యగారు కాపాడిన కంప్యూటర్

ఈ రోజు మధ్యాహ్నం మా బందరులో ఎప్పట్లాగే కరెంటు పోయింది. నేను కంగారు పడలేదు. ఇంట్లోనే టైపింగ్ పని చేసుకునే నేను, పోయిన నెలే కంప్యూటర్‌కి యూపీఎస్ పెట్టించుకున్నాను. సాయంత్రం ఆరింటికి కోడూరు పాస్టరుగారు వచ్చి, వాళ్ల చర్చి పాటల పుస్తకం ప్రింట్లు ప్రెస్‌కి తీసుకెళ్లాలి. ఎల్లుండి చర్చిలో పండగ. ఆఖరి పాటలో ఆఖరి చరణం టైపు కొడుతున్నాను. యూపీఎస్ ఉందన్న ధీమాతో పొద్దుట్నుంచీ ఒక్కసారి కూడా సేవ్ చేయలేదు.

మా అత్తయ్యగారికి ఒక అలవాటుంది. కరెంటు పోగానే ఇల్లంతా తిరిగి ఫ్రిజ్, టీవీ, ఫ్యాన్ల స్విచ్‌లన్నీ ఆపేస్తారు, మళ్లీ వచ్చేటప్పుడు హై ఓల్టేజీకి కాలిపోతాయని. ఇవాళ నా గదిలోకీ వచ్చారు. బల్ల కిందకి వంగి, కుయ్‌కుయ్‌మంటున్న యూపీఎస్ బటన్ నొక్కేశారు.

స్క్రీన్ నల్లబడింది. పన్నెండు పాటలు పోయాయి.

"ఎందుకాపారు అత్తయ్యగారూ?" అన్నాను.

"పాపం, ఇందాకట్నుంచీ అరుస్తోందమ్మా. అది కాలిపోతే నీ కష్టమంతా పోదూ?"

ఇప్పుడు ఏడయింది, కరెంటు ఇందాకే వచ్చింది. పాస్టరుగారు హాల్లో రెండో టీ తాగుతున్నారు. కంప్యూటర్ని తానెలా కాపాడారో అత్తయ్యగారు ఆయనకి వివరంగా చెబుతున్నారు. నేను మొదటి పాట నుంచి మళ్లీ కొడుతూ, ఏడుపు ఆగక మధ్యలో ఇది రాస్తున్నాను, వాక్యానికోసారి సేవ్ చేసుకుంటూ. మీ ఇళ్లలో యూపీఎస్‌ని ఎవరి నుంచి కాపాడుకుంటున్నారో, ఎలాగో, కాస్త చెప్పండి.