పదకొండు మొదటి పాఠాలు

మధ్యాహ్నం మా మాదన్నపేట చీరల దుకాణంలో బేరాలు లేక, ల్యాప్‌టాప్ తెరిచి మళ్లీ పాత పనిలోనే పడ్డాను. కంప్యూటర్ సైన్స్ సొంతంగా నేర్చుకోవడానికి ఆన్‌లైన్ కోర్సు ఎంచుకోవడం ఆ పని. ఆరు నెలలుగా ఎంచుకుంటూనే ఉన్నాను. పదకొండు కోర్సుల్లో మొదటి పాఠం చూశాను. ఒకదానిలో లెక్కలు ఎక్కువ, ఒకదానిలో సారు గొంతు నచ్చలేదు, ఇంకొకటి పాతబడిందని ఎవరో కామెంట్ పెట్టారు.

అంతలో చాంద్రాయణగుట్ట నుంచి ఒక అక్క వచ్చింది. గంటసేపు నా చేత ముప్పై చీరలు విప్పించింది. ఒకదాని అంచు సన్నమంది, ఇంకోదాని రంగు ముదురంది. మధ్యలో ల్యాప్‌టాప్ చూసి, "ఏం చదువుతున్నవ్ చెల్లె?" అని అడిగింది. చెప్పాను.

"గది నేను పోయినేడే నేర్చుకున్న. ఇప్పుడు గా నౌకరే చేస్తున్న."

నాకు ప్రాణం లేచొచ్చింది. "అవునా అక్కా! కోర్సు ఎట్ల ఎంచుకున్నవ్?"

"ఎంచుకునుడేంది? మొదలు ఏది కనపడితే గది షురూ చేసిన. సారు మస్తు బోర్ కొట్టించిండు. అయినా ఖతం చేసిన."

తర్వాత "మళ్లొస్త" అని, ఏమీ కొనకుండానే వెళ్లిపోయింది.

ముప్పై చీరలూ పాత మడతల మీదే మడిచేసరికి నడుము పడిపోయింది. ఆమెను తిట్టుకుందామనుకున్నాను. కానీ పదకొండు మంది సార్లకు నేను చేసిందీ అదే కదా.

మీలో ఎవరైనా రెండో పాఠం దాకా వెళ్లారా? అందులో ఏం చెప్తారు?