ముప్పై అయిదు మార్కుల గుమ్మం

కళ్ళు మూసుకుని చేసే తప్పులు కొన్ని, కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చేసేవి కొన్ని. నాది రెండో జాతి. జెర్సీ సిటీలో ఒక హైస్కూలుకు ఇంజినీరింగు చదువు తెచ్చిపెడతానని బయలుదేరి, ఉన్న పనిముట్ల గదికి తాళం వేయించిన ఘనుణ్ణి నేను. నవ్వండి. నవ్వడానికే చెబుతున్నాను. మధ్యలో నా గొంతు కాస్త బొంగురుపోతే పట్టించుకోకండి.

ఎనభైల మొదటి రోజులు. మా ఆవిడ రత్నకుమారి నర్సు. ఆమె ఉద్యోగం మీద భీమవరం నుంచి వచ్చాం. వచ్చాం అంటే, ఆమె వచ్చింది, ఆమె పెట్టెలతోపాటు నేనూ దిగాను. ఇక్కడ మందుల గోదాములో స్టోర్ కీపరుని. ఇంటర్మీడియట్‌లో లెక్కలు రెండుసార్లు తప్పి చదువుకు దండం పెట్టినవాణ్ణి. అయితేనేం, బస్సెక్కితే పబ్లిక్ లైబ్రరీ! వంతెనలు, ఆవిరి యంత్రాలు, రాకెట్లు, ఒక్కో అలమర ఊడ్చేశాను. జీవితంలో ఒక్క మేకు మాత్రం తిన్నగా కొట్టలేదు.

మా తెలుగు చర్చిలో ఎవరికి ఏ సందేహం వచ్చినా "అంకుల్‌ని అడగండి" అనేవారు. ఇక అమెరికావాళ్ళకైతే మన ముఖం కనబడితే చాలు. "మీరు ఇంజినీరు కదూ?" అనేవాళ్ళు. నేను చిరునవ్వు నవ్వేవాణ్ణి. చిరునవ్వు అబద్ధం కిందికి రాదని నా అభిప్రాయం. బైబిల్లో కూడా ఎక్కడా నిషేధం కనబడలేదు, వెతికాను.

మా ఏకైక కూతురు సూసన్న అప్పుడు పదో తరగతి. పుస్తకం ఇస్తే ఆవులింత, స్క్రూడ్రైవరు ఇస్తే పండగ. చర్చిలో మైకు, ఇంట్లో టోస్టరు, పై అంతస్తు ముసలావిడ కుట్టుమిషను, అన్నీ దాని చేతిలో ప్రాణం పోసుకున్నవే. ఆ విద్య నేర్పింది స్కూల్లో 'షాప్ క్లాసు' మాస్టారు మిస్టర్ నోవాక్. చెక్కపనీ ఇనుపపనీ నేర్పే గది అది. రంపపు పొట్టు వాసన, గోడ నిండా పనిముట్లు. స్కూలు వదిలాక కూడా సూసన్న అక్కడే ఉండేది.

ఆ గది మూసేస్తామని స్కూలు బోర్డు అంది. కాలం చెల్లిన చదువట. ప్రిన్సిపాల్ ఒక దారి కనిపెట్టాడు. హైస్కూలు పిల్లలకే ఇంజినీరింగు మొదటి మెట్లు నేర్పే జాతీయ కార్యక్రమం ఒకటుంది. దాన్ని ఈ గదిలోకి తెచ్చుకుంటే గది బతుకుతుంది. అందుకు దరఖాస్తు పెట్టాలి. మాస్టారు వేసవిలో రెండు వారాలు యూనివర్సిటీకి వెళ్ళి శిక్షణ పొందాలి. తల్లిదండ్రులతో, ఊళ్ళో పనిచేసేవాళ్ళతో ఒక కమిటీ ఉండాలి. కనీసం పదిహేను మంది పిల్లలు చేరతామని సంతకం పెట్టాలి. ఆపైన కార్యక్రమంవాళ్ళ మనిషి వచ్చి చూసి, సరే అనాలి.

కమిటీలోకి ఇంజినీరు కావాలన్నారు. సూసన్న తండ్రి ఉన్నాడుగా అన్నారు. నేను చిరునవ్వు నవ్వాను.

నిబంధనల పుస్తకం మూడుసార్లు చదివాను. పదకొండో పేజీలో స్పష్టంగా ఉంది: ఆసక్తి ఉన్న ఏ విద్యార్థినైనా చేర్చుకోవాలి, లెక్కల్లో వెనకబడినా ఫరవాలేదు, ప్రవేశ పరీక్ష అక్కర్లేదు. ఆ వాక్యం చూసి నేను తెలివైనవాడిలా తలాడించాను. ప్రవేశ పరీక్ష లేకుండా ఇంజినీరింగా! తాలింపు లేని పప్పా!

"ఏవండీ, పరీక్ష వద్దని రాసుందా లేదా?" అంది రత్నం.

"రాసుంది. 'భోజనానికి రండి, ఏమీ తేవద్దు' అని కూడా అంటారు. చేతులూపుకుంటూ వెళ్తామా?"

"అది వేరండీ."

"ఏం వేరు? అంతా మొహమాటమే. పైకి అలా అంటారు, లోపల ర్యాంకులు చూస్తారు. మనం అడక్కుండానే పరీక్ష పెట్టి చూపిస్తే అదిరిపోతారు."

నోవాక్ మాస్టారికి మా ఆవిడంత అనుమానమూ రాలేదు, ఆశ్చర్యం మాత్రం వచ్చింది. "పరీక్షా? నేను ఇరవై ఏళ్ళుగా పిల్లల చేతులు చూసి చేర్చుకుంటున్నాను" అన్నాడు.

"చేతులు కాదు మిస్టర్ నోవాక్, బుర్ర. క్వాలిటీ!"

ఆయన తన చేతులు ఓసారి చూసుకున్నాడు. ఎప్పుడో రంపం కింద పోయిన వేలి కొస దగ్గర చూపు ఆగింది. "సరే. మీరు ఇంజినీరు. మీకే తెలుస్తుంది."

మళ్ళీ చిరునవ్వు. ఆ ఒక్క నవ్వూ దిగమింగి ఉంటే ఈ కథే లేదు.

తాను దూరడానికి సందు లేనివాడు ఊరందరికీ గుమ్మం కొలతలు పెట్టాడట. పుస్తకాల్లోంచి ఏరి ఏరి ప్రశ్నపత్రం తయారుచేశాను. వంద మార్కులు. పాస్ మార్కు ముప్పై అయిదు. అది ఎవరు పెట్టారో తెలియదు కానీ, మనవాళ్ళకు అది పదకొండో ఆజ్ఞ. శనివారం క్యాంటీన్లో ఇరవైరెండు మంది రాశారు. ముగ్గురు పాసయ్యారు. క్వాలిటీ చూస్తే పదిహేను మంది లెక్క వాళ్ళే వదిలేస్తారనుకున్నాను. ఫలితాలు ర్యాంకు వారీగా, నా గుండ్రటి అక్షరాలతో, షాపు గది తలుపు మీద అంటించాను. ముప్పై అయిదు దగ్గర ఎర్రగీత. గీత కింద ఏడో పేరు: సూసన్న, ముప్పై ఒకటి.

"డాడీ, నా పేరు అక్కడ ఎందుకు పెట్టావ్? ఎవ్రీబడీ చూస్తున్నారు."

"చూడాలనే పెట్టాను. సొంత కూతురని దాచలేదని రేపు అందరూ మెచ్చుకుంటారు."

"నేను ఫెయిల్ అంటున్నారు."

"నాలుగు మార్కులేగా అమ్మా! వచ్చే ఏడాది రాయొచ్చు."

"వచ్చే ఇయర్ షాప్ ఉండదేమో."

"ఎందుకుండదు? నేనున్నానుగా!"

ఈ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ అద్దం ముందు నుంచి పక్కకు జరుగుతాను.

కార్యక్రమం తరఫున మిసెస్ హార్పర్ అనే ఆవిడ వచ్చింది. గది చూసింది, పనిముట్లు చూసింది, నోవాక్ మాస్టారి చెయ్యి పట్టుకుని ఊపింది. అంతా బాగుందంది. బయటికి వస్తూ తలుపు దగ్గర ఆగింది.

"ఇదేమిటి?"

"వడపోత మేడమ్!" అన్నాను, ఛాతీ విరుచుకుని.

"ఈ గీత కింద ఉన్న పిల్లలు ఎక్కడున్నారు?"

"పంపేశాం."

ఆవిడ గీత కింది పేర్లు వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టింది. "మేము వచ్చింది వాళ్ళ కోసమే" అంది మెల్లగా. "పదకొండో పేజీ మీరు చదవలేదా?"

చదివాను తల్లీ, మూడుసార్లు! చదవేస్తే ఉన్న మతి పోవడమంటే ఏమిటో ఆ వరండాలో తెలిసింది.

ఆవిడ మంచిది. జాబితా తీసేయండి, శుక్రవారానికి పదిహేను సంతకాలు తెండి, మిగతాది నేను చూసుకుంటానంది. అమ్మయ్య అనుకున్నాను. కాగితం చించితే పోతుందనుకున్నాను. తలుపు మీది కాగితం పోయింది. పిల్లల మీద అంటుకున్నది పోలేదు.

ఇంటింటికీ ఫోన్ చేశాను. "మా వాడు పనికిరాడని మీరే రాశారు కదండీ? టైపింగులో చేరిపోయాడు" అంది ఒక తల్లి. ఒక కుర్రాడు "పర్లేదు సార్, నాకు మ్యాథ్ రాదని నాకు ముందే తెలుసు" అన్నాడు, నన్నే ఓదారుస్తున్నట్టు. గురువారం సాయంత్రానికి తొమ్మిది సంతకాలు. కాగితం తెచ్చి సూసన్న ముందు పెట్టాను.

"నేను ఫెయిల్ డాడీ. నువ్వే రాశావ్, అంత పెద్ద లెటర్స్‌లో" అంది. ఏడవలేదు. కోపం కూడా లేదు. అదే నన్ను భయపెట్టింది.

జూన్‌లో గది మూశారు. పాత బెంచీలు అందులో పేర్చారు. నోవాక్ మాస్టారు రిటైరైపోయాడు. తాళం వేసే రోజు నా చేతికి ఒక కాగితం ఇచ్చాడు. సూసన్న జవాబుపత్రం. గిలక మీద తాడు వేసి బరువు ఎత్తే లెక్క, అయిదు మార్కులు. మా అమ్మాయి అంకె వేయకుండా బొమ్మ గీసి, 'ఈ తాడు ఇక్కడ ఇరుక్కుంటుంది, బరువు లేవదు' అని రాసింది. నేను సున్నా పెట్టాను.

"మీ లెక్కలో తాడుకు బరువు లేదు, గిలకకు రాపిడి లేదు" అన్నాడాయన. "అలాంటి గిలక ఇరవై ఏళ్ళలో నాకు ఈ గదిలో దొరకలేదు. మీ అమ్మాయి చెప్పిందే నిజం."

ముప్పై ఒకటికి అయిదు కలపండి. నేను కలపడానికి లైబ్రరీ దాకా నడిచి వెళ్ళాను.

ఆరోజు అక్కడే, పుస్తకం తెరవకుండా, నా ప్రశ్నపత్రం నేనే రాశాను. దిద్దుకున్నాను. ఇరవైఏడు. ఇంటికి తెచ్చి సూసన్నకు ఇచ్చాను. "నేను ఇంజినీరుని కాదమ్మా" అన్నాను. అది తెలిసిందేగా అన్నట్టు చూసి, ఎర్రపెన్ను తీసుకుని మొత్తం దిద్దింది. "డాడీ, సెవెంత్ ఆన్సర్ కూడా రాంగ్. ట్వంటీ త్రీ" అంది. చాలా రోజుల తరవాత నవ్వింది. కానీ స్క్రూడ్రైవరు మళ్ళీ పట్టలేదు.

ఫార్మసీ చదివింది. చల్లగా ఉంది. వాళ్ళింట్లో కుళాయి కారితే ప్లంబరుని పిలుస్తుంది.

కనుక సర్వజనుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎవరైనా పరీక్ష అక్కర్లేదంటే, అక్కర్లేదనే నమ్ముతాను. ఏ తలుపు మీదా ఏ బిడ్డ పేరూ అంటించను. 'మీరు ఇంజినీరు కదూ?' అంటే పళ్ళు కనబడనివ్వను. భోజనానికి పిలిచి ఏమీ తేవద్దంటే మాత్రం ఆవకాయ సీసా పట్టుకునే వెళ్తాను. అది వేరు. మా ఆవిడ అప్పుడే చెప్పింది.