టీచరమ్మగారి ప్రార్థన మనవి

రేపల్లెలో రిటైరైన టీచరు ప్రేమకుమారిగారికి ఉన్నది ఒకటే జబ్బు. టీవీ సీరియళ్లలో వాళ్ల కష్టాలన్నీ తన నెత్తిన వేసుకుంటారు. వేసుకుని ఊరుకుంటారా, శుక్రవారం ఉపవాస ప్రార్థనకు తెచ్చి సంఘం నెత్తిన పెడతారు.

మొదటిసారి ఎవరికీ తెలియలేదు. "కావేరి అని, మన పిల్లేనండి. కిడ్నీ ఆపరేషను. ప్రార్థించండి" అన్నారు కళ్లొత్తుకుంటూ. సంఘమంతా పచ్చి మంచినీళ్లైనా ముట్టకుండా మోకరించింది. సంఘపెద్ద జ్ఞానానందంగారైతే బత్తాయిలు కొని సంచీతో సహా తయారయ్యారు.

"ఏ ఆసుపత్రండీ? చూసొద్దాం."

"ఆసుపత్రికెందుకండి, మా ఇంటికి రండి. రాత్రి ఎనిమిదిన్నరకి కనబడుద్ది."

బత్తాయిలు పాస్టరుగారి పిల్లలు తిన్నారు. "సీరియళ్లు గుమ్మం బయట విడిచి రండమ్మా" అని పాస్టరుగారు మందలిస్తే, "అయ్యేమన్నా చెప్పులాండీ విడవడానికి?" అన్నారావిడ. ఆ తరవాత ఆవిడ లేస్తే చాలు, వెనక బెంచీల్లో నవ్వు మొదలయ్యేది. అయినా ఆమెన్ మాత్రం అందరూ చెప్పేవారు. ఆవిడ దగ్గర ఎక్కాలు నేర్చుకోనివాళ్లు ఆ గుళ్లో తక్కువ మరి.

పక్కింటి రూబీ కూడా నవ్వేది, మొగుడు ఎబినేజరు అలిగి వెళ్లిపోయేదాకా. బావమరిది నిశ్చితార్థం పెట్టుకుని ఆ మహానుభావుడు తన హీరో కొత్త సినిమా మొదటి ఆటకు తెనాలి పోయాడు. తలనిండా రంగు కాగితాల ముక్కలతో సరిగ్గా భోజనాల వేళకు దిగాడు. "ఆ హీరో ఇంటికే పోయి అన్నం తినండి" అంది రూబీ. అతగాడు విస్తరి ముందు నుంచి లేచి, బాపట్లలో అక్క ఇంటికి పోయాడు. అతను ఫోను చెయ్యడు, ఈమె చెయ్యదు. అడిగినవాళ్లకు "పని మీద వెళ్లారండి" అని చెప్పేది. టీచరమ్మ దగ్గర మాత్రం ఒకసారి భోరుమని, "గుళ్లో నా పేరెత్తకండి, పరువు పోద్ది" అని మాట తీసుకుంది.

సాయంత్రం తెనాలి నుంచి వచ్చే బండి కూత వినబడితే చేతిలో పని ఆగిపోయేది. స్టేషను నుంచి మనిషి నడిచొచ్చేంతసేపూ వీధి వైపు చూసి, మళ్లీ ఒక్కదానికే అన్నం పెట్టుకునేది. బెంగ కొండంత ఉంది. పంతం దానికంటే మూరెడు ఎక్కువుంది.

ఆ శుక్రవారం నుంచే టీచరమ్మ కొత్త మనవి. "సీరియల్లో సింధు మొగుడు గిరీష్ అలిగి పోయాడండి. ఆ అబ్బాయి మనసు కరిగి ఇల్లు చేరాలి." వారం వారం అదే పాట. వెనక బెంచీలు నవ్వాయి. రూబీ మాత్రం కొంగు ముసుగులో కన్నీళ్లు తుడుచుకుంది. ఆ సింధుకైనా ప్రార్థించేవాళ్లున్నారని కుళ్లుకుంది కూడా. సీరియల్ సంగతి ఆమెకు తెలియదు. ఆ హీరో పాటలు వినలేక టీవీ తీగ ఎప్పుడో పీకేసింది.

ఒకనాడు కొలకలూరులో సారా పిన్ని ఇంటికి వెళ్తే అదే సీరియల్ వస్తోంది. సింధు ఏడుస్తోంది. వెనక గోడకు గిరీష్ ఫొటో, ఫొటోకి దండ.

"ఈయన అలిగి పోయాడు కదా పిన్నీ?"

"అలిగి పోవడమేంటే, పోయినేడు లారీ కింద పడి పోయాడు. ఆ నటుడికి సినిమాలో వేషం వచ్చిందంట, చంపేశారు."

పోయి ఏడాదైనవాడు ఇల్లు చేరాలని రేపల్లె సంఘం పస్తులుంటోందన్నమాట! తిరుగు బండి వేమూరు దాటేసరికి అసలు సంగతి బోధపడింది. దిగి నేరుగా టీచరమ్మ ఇంటికే వెళ్లింది.

"గిరీష్ పోయాడు కదండీ! మరి ఇన్నాళ్లూ ఎవరి కోసమండీ?"

ఆవిడ టీవీ గొంతు తగ్గించారు. "నీ పేరెత్తనని మాటిచ్చాగా. ప్రభువుకి పేర్లతో పనేంటమ్మా? అడ్రసు నేను విడిగా చెబుతున్నా."

రూబీకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "మరి కావేరి కిడ్నీ?"

"అది సీరియలే. ఆ పిల్లంటే నాకు ప్రాణం."

రూబీ అక్కడే ఫోను తీసింది. "ఏవండీ, మీ కోసం సంఘమంతా పస్తులుంటోంది. జ్ఞానానందంగారికి గ్యాస్ పట్టేసింది. నాకూ చేతకావట్లేదు. వచ్చేయండి."

అవతల ఎబినేజరు గొంతు సవరించుకున్నాడు. "తెనాలిలో రేపల్లె బండి అందుద్దంటావా?"

"అందకపోతే బస్సెక్కండి."

టీచరమ్మ మర్యాదగా టీవీ గొంతు పెంచి, అటు తిరిగి కళ్లొత్తుకోసాగారు. అప్పుడు వస్తున్నది సబ్బు ప్రకటన.