ఏ నాలుగని అడిగే మనిషి

మా గార్లదిన్నెలో కంప్యూటర్లు బాగుచేసే భాయ్ పోయిన గురువారం పొద్దున అంగడి షట్టరు ఎత్తబోతూ అక్కడే కూలబడి చనిపోయాడు. ఆయన తమ్ముడు ఫోన్ చేసి, "భాయ్ పోయినాడప్పా, సాయంత్రం నమాజు అయినాక మట్టి" అని మాత్రం అన్నాడు. అప్పుడు నేను ఒక ఆఫీసు వరండాలో అర్జీ పట్టుకుని కూర్చుని ఉన్నాను. లేచి వచ్చేశాను. ఆ అర్జీ ఎక్కడ వదిలేశానో ఇప్పటికీ గుర్తు లేదు.

బస్టాండు పక్కన ఎరువుల అంగడిని ఆనుకుని ఉన్న చిన్న గది ఆయనది. కంప్యూటర్ వేగం కోసం వేసే ర్యామ్ ముక్క ఏది చేతికిచ్చినా పిల్లలు వాడే రబ్బరుతో దాని పసుపు అంచును రుద్ది, ఉఫ్ అని ఊది, వెలుతురుకు ఎత్తి చూసేవాడు. మా వైపు ర్యామ్‌ను అంకెతోనే అడుగుతారు. అది ఎంతదో చెప్పడానికీ అంకే, ఏ రకానిదో చెప్పడానికీ అంకే. "భాయ్, నాలుగుది ఎక్కించు" అని ఎవరైనా అంటే, ఆయన తల ఎత్తకుండా, "ఏ నాలుగప్పా? నాలుగు జీబీనా, నాలుగో రకమా?" అనేవాడు. అడిగినవాడు నీళ్లు నమిలితే, "కంప్యూటర్ డబ్బా పట్టుకురా పో, దాన్నే అడుగుదాం" అనేవాడు.

ఆ ప్రశ్న నన్నెవరూ అడగకపోవడం వల్లే ఆయనకు దగ్గరయ్యాను.

మా ఊళ్లో మా రైతు సంఘం నడిపే పుస్తకాల గదిలో ఒక పాత కంప్యూటర్ ఉంది. ఒక ఏడు వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది. ఎండిన చేలల్లో కౌలుకు చేసినవాళ్ల పేర్లు సర్కారు పంటనష్టం జాబితాలోకి రావని అందరికీ తెలుసు. అందుకని ఇంటింటికీ తిరిగి మేమే జాబితా రాసి, ఆ కంప్యూటర్లో ఎక్కించాం. సోమవారం అధికారులు వస్తున్నారు. శుక్రవారానికి అది పేజీ తెరవడానికే మొరాయించింది. నాలుగు జీబీ ర్యామ్ వేస్తే చాలని తెలిసినవాళ్లు అన్నారు. కరపత్రాల్లో చదివిన చదువు నాది. మధ్యలో నిలబడి అమ్మేవాడెవడైనా నాకు దోపిడీదారే. భాయ్‌ని అడగకుండా అనంతపురం వెళ్లి, "నాలుగుది ఇయ్యన్నా" అన్నాను. ఆ అంగడతను ఏ నాలుగని అడక్కుండా నాలుగో రకం ఇచ్చాడు. మాది మూడో రకం పట్టే బోర్డు. అది దిగలేదు. నాకు కోపమొచ్చింది. రెండు చేతులతో అదిమాను. ఫట్ మంది.

శనివారం మధ్యాహ్నం డబ్బాను బైకుకు కట్టుకుని భాయ్ దగ్గరికి తెచ్చాను.

"దీన్ని ఎక్కించిందెవరప్పా?"

"నేనే."

"ఎక్కించినట్ల లేదే, పొడిసినట్లుండాది!"

పాత ర్యామునూ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చూపించాడు. రెండింటి అంచుల్లోనూ గాటు ఉంది, కానీ ఒకే చోట లేదు. "సూడు కరపత్రం, గాటు కలిసిందంటే బొటనవేలికే దిగుతాది. దిగలేదంటే బోర్డు వద్దంటాండాదని. దాని మాట ఇనాల." నా పేరు ఆయన నోట ఎప్పుడూ కరపత్రమే.

బోర్డు మీద ర్యామ్ దిగే రెండు స్లాట్లలో ఒకటి విరిగిపోయింది. మిగిలిన దాంట్లో ఎంతవరకు పెట్టొచ్చో, ఏ వేగం పడుతుందో బోర్డు నంబరు చూసి చీటీ మీద రాసుకున్నాడు. సొరుగంతా వెతికాడు. మూడో రకం దొరికినవి లాప్‌టాప్‌లవే, పొట్టివి. "రేపు రాప్పా" అన్నాడు.

నేను బస్టాండంతా వినేలా అరిచాను. "నువ్వూ దళారివే భాయ్! రైతులు ఎండిపోతాంటే బేరం పెంచుకుంటాండావు!"

టీ తాగుతున్నవాళ్లు గ్లాసులు పట్టుకుని ఇటు తిరిగారు. భాయ్ ఆ చీటీని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "రేపు రాప్పా" అని మళ్లీ అన్నాడు.

ఆదివారం నేను పోయేసరికి మా కంప్యూటర్ నడుస్తోంది. జాబితాలో ఒక్క పేరూ పోలేదు. ఆ పక్కనే ఆయన సొంత కంప్యూటర్ తెర తెరుచుకోలేక గుడ్లు తేలేస్తోంది.

"దానికేమైంది భాయ్?"

"దానికేం పనుండాది? నిదానంగా లేస్తాదిలే, ముసిలిది."

ఉన్న మంచి ర్యామ్ తనదాంట్లోంచి తీసి మాకు పెట్టాడని అర్థమైంది.  డబ్బా కట్టుకుని వచ్చేశాను.

సోమవారం జాబితా ఇచ్చాం. కొన్ని పేర్లు ఎక్కాయి. మిగిలినవాటి కోసం ఇంకా తిరుగుతూనే ఉన్నాం. తిరిగి తిరిగి, అరిచి అరిచి, విసుగొచ్చి ఆయన స్టూలు మీద కూలబడేవాణ్ని. "ఏమప్పా, వాడిపోయినావే" అని నా అర్జీ లాక్కుని చదివేవాడు. "వాళ్లడిగిన ఫారమేది, నువ్వు రాసిందేది? పట్టేది తీసుకపో. వద్దనేకి వాళ్లకు సాకుండదు." ఏ పుస్తకంలోనూ ఇంత సాదాగా నాకెవరూ చెప్పలేదు.

దళారి అన్న మాటను వెనక్కి తీసుకోవాలని ఎన్నోసార్లు ఆ స్టూలు మీద కూర్చున్నాను. ఎవరో ఒకరు వచ్చేవారు. లేదంటే ఇంకెవరి మీదో కోపంతో ఉండేవాణ్ని. ఆయన ఆ సంగతి ఎత్తనేలేదు, నేనూ ఎత్తలేదు. ఆ రోజు బస్టాండులో నా మాట విన్నవాళ్లు ఇది చదువుతుంటే, మీకే చెబుతున్నాను. ఆ మాట అబద్ధం. అన్నది నేను. ఆయన ఉండగా చెప్పాల్సింది.

ఖబరస్తానులో అందరూ తలా మూడు పిడికిళ్ల మట్టి వేస్తున్నారు. నేను వెనకే నిలబడితే ఆయన తమ్ముడు చూసి, "నువ్వూ వెయ్యప్పా" అన్నాడు. వాన చూడని నేల, తవ్వినదంతా గడ్డలే. నా చేతికి ఒక పెద్ద గడ్డ వచ్చింది. దాన్ని అట్లాగే ఆయన మీద వేయడానికి చేయి రాలేదు. వేళ్ల మధ్య పెట్టి నలిపాను. వెంటనే నలగలేదు. వెనక వరుసలో జనం ఆగిపోయారు, ఎవరూ తొందరపెట్టలేదు. పొడి అయ్యేదాకా నలిపి, మెల్లగా వదిలాను.